ఇంట్లో కావా కలపడానికి ఎలాంటి బ్లెండర్ కొన్నానంటే

మార్చి నెలలో నా కుడి మణికట్టు పట్టేసింది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని బిల్డింగ్ డ్రాయింగులు వేయడం, శనివారం సాయంత్రం తాగడానికి కావా, ఇక్కడి మాటలో యంగోనా, అనే వేరు పొడిని గుడ్డలో మూటకట్టి నీళ్లలో పావుగంట సేపు పిసికి పిండడం. రెండూ కలిసి బొటనవేలి మొదట్లోంచి మోచేతి దాకా ఒకటే సలుపు. ఫిజియోథెరపిస్ట్ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, మెలిపెట్టి పిండే పనులేవీ రెండు నెలల పాటు చేయొద్దంది. బట్టలకైతే మెషీన్ ఉంది. యంగోనాకి ఏముంది? అలా మొదలైంది ఈ వెతుకులాట. నెలన్నర పట్టింది. మధ్యలో మా ఆవిడ చట్నీ జార్ ఒకటి పాడైంది, రెండు శనివారాలు కడుపు ఉబ్బరంతో పడుకున్నాం. ఇప్పుడు కుదిరింది కాబట్టి రాస్తున్నాను.

మేం ఫీజీ రాజధాని సువాలో ఉండబట్టి ఆరేళ్లయింది. బయటి ప్రపంచం కావా అనే దాన్ని ఫీజీలో యంగోనా అంటారు. ఇక్కడి మనవాళ్లు, అంటే గిర్మిట్ (కూలి ఒప్పందం) కాలంలో వచ్చిన వాళ్ల మనవలు, మునిమనవలు, నంగోనా అనో గ్రాగ్ అనో అంటారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి వచ్చిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు కదా, వాళ్ల ఇళ్లలో కూడా సాయంత్రం బేసిన్ చుట్టూ కూర్చోవడం మామూలే. మొక్క మనకి మరీ పరాయిదేం కాదు. మిరియాలు, తమలపాకు, పిప్పళ్లు ఏ కుటుంబమో ఇదీ అదే కుటుంబం. ఆకు చూస్తే తమలపాకే గుర్తొస్తుంది. కాకపోతే ఇక్కడ వాడేది వేరు మాత్రమే. ఆకులు, కాండం, కాండం మీది తొక్క తాగడానికి పనికిరావు.

నాకు యంగోనా నేర్పింది పక్కింటి పెద్దాయన. కందావు దీవి ఆయనది, మంచి యంగోనాకి పేరున్న చోటు. ఆయన్ని నేను మోమో అంటాను. ఫీజీ భాషలో మోమో అంటే మేనమామ. ఇక్కడి వరసలు విన్నప్పుడల్లా నాకు సొంత ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది. మేనమామకి వేరే మాట, మేనమామ కొడుక్కి తవాలే అని వేరే మాట, ఆ తవాలేల మధ్య అచ్చం మన బావల మధ్య ఉండేలాంటి ఎకసెక్కాలు. తానోవా, అంటే యంగోనా కలిపే పెద్ద చెక్క గిన్నె, దాని చుట్టూ కూర్చున్నప్పుడు నవ్వులన్నీ ఆ వరస వాళ్లవే.

సరే, బ్లెండర్ సంగతికి వస్తాను. మొదట చేసింది తప్పు కాబట్టి అది ముందు చెప్పాలి.

ఇంట్లో ఇండియా నుంచి తెచ్చుకున్న 750 వాట్ల మిక్సీ ఉంది. ఇక్కడ కరెంటు 240 వోల్టులు, ప్లగ్గు ఆకారం మాత్రం వేరు, ఒక అడాప్టర్ పెడితే హాయిగా తిరుగుతుంది. మూడు జార్లలో మధ్యది తీసి, నాలుగు పెద్ద చెంచాల పొడి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, మూత నొక్కిపెట్టి, నాబ్ నేరుగా మూడో నంబరుకి తిప్పాను. నాలుగైదు నిమిషాలు. ఎంత మెత్తగా రుబ్బితే సారం అంత దిగుతుందని నా లెక్క. మూత తీసేసరికి జార్ అంచుదాకా నురగ. అడుగున చెయ్యి పెడితే జార్ వెచ్చగా కూడా కాదు, వేడిగా ఉంది. గుడ్డలో పోస్తే దిగదే! గంజి వార్చినట్టు జిగురుగా గుడ్డ రంధ్రాలకి అంటుకుపోయింది. బలవంతాన పిండితే చిక్కటి బూడిదరంగు ద్రవం దిగింది. మా ఆవిడ వాసన చూసి, "ఇందులో మొన్నటి అల్లం ఉంది, నీ జార్ నువ్వు కొనుక్కో" అంది. మిక్సీ జార్ రబ్బరులో ఉన్న అల్లం వెల్లుల్లి వాసన యంగోనాలోకి, యంగోనా మట్టి వాసన జార్లోకి. ఆ జార్ మళ్లీ వంటకి పనికిరాలేదు.

అయినా ఒక బిలో మోమోకి ఇచ్చాను. బిలో అంటే కొబ్బరి చిప్ప. ఆయన తాగి, నాలుకతో పళ్లు తడుముకుని, "ఎక్కువ రుబ్బావు, పీచు నోటికి తగులుతోంది" అన్నారు. ఆ రాత్రి నాకూ ఆయనకీ కూడా పొట్టలో రాయి వేసినట్టుంది.

తరవాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. వేరులో మనకి కావాల్సిన సారం పేరు కవలాక్టోన్లు. అవి ఉప్పులాగా, పంచదారలాగా నీళ్లలో కరిగే రకం కాదు. కొవ్వులో కరిగే జిడ్డు సరుకు. పీచు సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. నీళ్లలో పిసుకుతుంటే సన్న బొట్లుగా ఊడి, పాలల్లో వెన్నలాగా నీళ్లలో తేలుతూ ఉంటాయి. అందుకే మంచి యంగోనా పైన దీపం వెలుతుర్లో చూస్తే పల్చటి నూనె మెరుపు కనిపిస్తుంది. ఎండిన వేరులో దాదాపు 43 శాతం పిండిపదార్థం, 20 శాతం పీచు. సారం రకాన్ని బట్టి, మొక్క వయసును బట్టి 3 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. అంటే మనం గుడ్డలో వెనక్కి ఆపాల్సిన సరుకే ఎక్కువ. బ్లేడు ఆ పీచుని దుమ్ము చేస్తే గుడ్డ ఆపలేదు. బ్లేడు రాపిడికి నీళ్లు వేడెక్కితే పిండి ఉడికి గంజవుతుంది. నేను మూడో నంబరు మీద చేసింది సరిగ్గా ఈ రెండే.

పొడి అయ్యేటప్పుడే దంచడం అనే పని అయిపోయింది. పల్లెల్లో ఇనప రోకలితో తంబిలి అనే రోట్లో దంచుతుంటే ఆ టంగుటంగు మోత రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది. దంచిన దాన్ని నేను మళ్లీ రుబ్బాను. ఇంట్లో నాకు కావాల్సింది రోలు కాదు, కవ్వం. పొడిని నీళ్లలో బాగా కలియబెట్టి, అటూ ఇటూ కొట్టి, అందులోంచి సారాన్ని విడిపించే మెషీన్. చింతపండు నానబెట్టి పిసుకుతాం చూడండి, గింజ నలక్కుండా, పిప్పి పులుసులోకి రాకుండా. పని అదే.

ఇది తలకెక్కాక షాపుల్లో నా చూపు మారింది. సేల్స్ కుర్రాళ్లు ఎక్కడికెళ్లినా వాట్లే చెబుతారు. వెయ్యి వాట్లు, పన్నెండొందల వాట్లు, ఐసుముక్కలు క్షణంలో పిండి అవుతాయి అని. ఐసుని పిండి చేసేదే నాకు వద్దు. నేను అడిగిన మొదటి ప్రశ్న, అన్నిటికంటే కింది స్పీడు ఎంత నెమ్మదిగా తిరుగుతుంది అని. ఖాళీ జార్లో సగం నీళ్లు పోసి తిప్పి చూపించమన్నాను. ఒక షాపులో చూపించారు, రెండు షాపుల్లో కుదరదన్నారు. చూపించిన చోట తేడా కళ్లకి కట్టినట్టు కనిపించింది. ఒకటి ఒకటో నంబరులోనే నీళ్లని మూతకి ఎగరకొట్టింది. ఇంకోటి మధ్యలో చిన్న సుడి వేసి, అడుగు నీళ్లని పైకి, పై నీళ్లని అడుగుకి తిప్పుతూ నిదానంగా ఆడింది. నాకు కావాల్సింది ఆ సుడే. పల్స్ బటన్ కూడా తప్పనిసరి. వేలు నొక్కినంత సేపే తిరగాలి, తీస్తే ఆగాలి. దాంతోనే సగం పని జరుగుతుంది.

జార్ సైజు నేను మొదట పట్టించుకోని విషయం. యంగోనా నురగ కడుతుంది కాబట్టి లీటరు కలపాలంటే లీటరున్నర జార్ ఉండాలి, రెండు లీటర్లదైతే ఇంకా నయం. గాజుదే తీసుకున్నాను. ప్లాస్టిక్ జార్ తేలిక, పగలదు, కానీ లోపల గీతలు పడ్డ చోట మడ్డి కూర్చుని నాలుగు వారాల్లో గోధుమరంగు తిరుగుతుంది. తెలిసినవాళ్ల ఇంట్లో చూశాను, ఎంత తోమినా ఆ రంగూ పోలేదు, వాసనా పోలేదు. స్టీలు జార్‌కి ఆ గొడవ లేదు గానీ లోపల నీళ్లెలా తిరుగుతున్నాయో కనపడదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి కనపడటం ముఖ్యం.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా ముఖ్యం. కొనేముందు జార్ తిరగేసి అడుగు చూడండి. బ్లేడు ఉన్న భాగం స్క్రూలా తిప్పి ఊడదీసే రకమా, శాశ్వతంగా బిగించేసిన రకమా? మన మిక్సీ జార్లలో చాలావాటికి బ్లేడు బిగించే ఉంటుంది. చట్నీకి ఫరవాలేదు. యంగోనా పీచు సంగతి అలా కాదు. మొదటి రెండు వారాల తరవాత అనుమానం వచ్చి పాత జార్‌ని మెకానిక్ దగ్గర విప్పించాను. బ్లేడు కింద కడ్డీకి, దువ్వెనకి జుట్టు చుట్టుకున్నట్టు, పీచు పోగులు గట్టిగా చుట్టుకుని ఉన్నాయి. తెల్లటి రబ్బరు వాషర్ పైకెత్తితే దాని కింద పసుపుపచ్చటి ముద్ద, పులిసిన పిండి వాసన. పైనుంచి ఎంత కడిగినా అక్కడికి నీళ్లు వెళ్లవు. అందులోనే మళ్లీ కలుపుకుని తాగాం. కడుపు ఉబ్బరానికి అది కూడా ఒక కారణమై ఉండాలని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు నా దగ్గరున్న దాని అడుగు భాగం ఎడమకి తిప్పితే ఊడొస్తుంది, వాషర్ విడిగా చేతికొస్తుంది. విడి వాషర్లు అదే షాపులో దొరుకుతాయో లేదో కూడా అడిగి, రెండు అదనంగా కొని పెట్టుకున్నాను.

హ్యాండ్ బ్లెండర్ కూడా ప్రయత్నించాను, తెలిసినవాళ్లది అడిగి తెచ్చి. లోతైన గిన్నెలో పెట్టి తిప్పితే కలవడం బాగానే కలుస్తుంది, కానీ నిమిషం దాటితే పిడి చేతిలో వేడెక్కుతుంది, పైగా దాన్ని పట్టుకుని నిలబడటానికి మళ్లీ అదే మణికట్టు కావాలి. ఒక్కరికి ఒక గ్లాసు కలుపుకునేవాళ్లకి సరిపోతుంది. వడకట్టే పనే లేకుండా నీళ్లలో కలుపుకునే ఇన్‌స్టంట్ పొడులు వాడేవాళ్లకి అసలు ఏ మెషీనూ అక్కర్లేదు, చెంచా చాలు. పొరుగు దీవుల దేశం వనువాటులో లాగా పచ్చి వేరు వాడేవాళ్లకి నా లెక్క వర్తించదు. అక్కడ కైమా కొట్టే మెషీన్ లాంటి దాంట్లో వేస్తారు, దానికి బలం కావాల్సిందే.

చివరికి కొన్నది 600 వాట్లది, గాజు జార్, రెండు స్పీడ్లు, ఒక పల్స్. షాపులో ఉన్నవాటిలో ఖరీదైనది కాదు. మెషీన్ మీద మిగిలిన డబ్బులు పొడి మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. మంచి వాకా, అంటే పక్కవేర్ల పొడి, నేను కొన్నప్పుడు కిలో వంద ఫీజీ డాలర్ల దగ్గర ఉంది. వాకా ఘాటు ఎక్కువ. లేవేనా అని దుంప భాగం పొడి కాస్త మెత్తన, ధరా తక్కువే. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను తోటల్ని పెళ్లగించాక ధరలు ఎలా ఎగిరాయో ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాటాక మూడు నాలుగేళ్లయినా ఆగాల్సిన పంట మరి. అందుకే ఒక్క చెంచా పొడి వృథా అయినా మోమో మొహం మారిపోతుంది. సువా మార్కెట్ పై అంతస్తులో కొనేటప్పుడు చిటికెడు పొడి వేళ్ల మధ్య నలిపి చూడండి. పీచు పోగులు కనపడాలి, రవ్వలాగా గరుగ్గా ఉండాలి. మైదాలాగా మరీ మెత్తగా ఉన్న పొడి బ్లెండర్‌కి పనికిరాదు, ఎంత నిదానంగా తిప్పినా గుడ్డలోంచి దిగిపోతుంది. ఇంకో సంగతి, మెషీన్ పొడిలో ఏముంటే దాన్ని బయటికి లాగుతుంది. కాండం తొక్క కలిపిన చవక పొడి అయితే దాన్నీ లాగుతుంది. తెలిసిన దుకాణంలో కొనడం అందుకే.

ఇప్పుడు నా శనివారం పద్ధతి ఇది. లీటరు నీళ్లకి 60 గ్రాముల పొడి. నీళ్లు చేతికి వెచ్చగా తగలాలి, అంతే, పసిపిల్లకి పోసే నీళ్లలా కూడా కాదు, ఇంకా కాస్త తక్కువ. పొడిని జార్లోనే అందులో పావుగంట నానబెడతాను. పొడి ముందు పైన తేలి, తరవాత తడిసి బరువెక్కి ఒక్కో పొరగా దిగుతుంది. మొత్తం దిగాక పల్స్ ఆరేడు సార్లు, ఒక్కోటి రెండు సెకన్లు. తరవాత ఒకటో స్పీడులో ఒక్క నిమిషం. ఆపి, జార్ అడుగున అరచెయ్యి పెట్టి చూస్తాను. వేడి తగిలితే అక్కడికి చాలు. తగలకపోతే రెండు నిమిషాలు ఆగి మళ్లీ ఒక నిమిషం. ఆ తరవాత నూలు గుడ్డ పరిచిన గిన్నెలో పోసి, గుడ్డ నాలుగు మూలలు కలిపి మెల్లిగా నొక్కుతాను, మెలిపెట్టను. పిండడం మా అబ్బాయి పని, వాడి చేతులు గట్టివి. మిగిలిన పిప్పిని పారేయను. అర లీటరు నీళ్లతో మళ్లీ జార్లో వేసి ఒక అర నిమిషం తిప్పి రెండో నీళ్లు తీస్తాను, కొబ్బరికి రెండో పాలు తీసినట్టు. రెండూ కలిపేస్తే చిక్కదనం సరిగ్గా ఉంటుంది. బిలోలో పోసే ముందు ప్రతిసారీ గరిటెతో అడుగునుంచి కలపాలి, లేకపోతే సారం కిందే ఉండిపోతుంది.

తాగాక నాలుక, పెదాలు తిమ్మిరెక్కడం మంచి గుర్తు. మిరియం కుటుంబం కదా, ఆ చురుకు ఉంటుంది. చేత్తో పిసికినప్పటి తిమ్మిరి, బ్లెండర్ తిమ్మిరి పక్కపక్కన పెట్టి చూశాను. చేతిది నెమ్మదిగా వచ్చి ఎక్కువసేపు నిలుస్తుంది. బ్లెండర్‌ది మొదటి గుటకకే తెలుస్తుంది. పొడి కాస్త తక్కువే పడుతోందని కూడా అనిపించింది, 75 గ్రాములు వేసే చోట 60తో సరిపోతోంది. అందుకే జాగ్రత్త కూడా చెప్పాలి. చేతి లెక్కన తాగే చిప్పలన్నీ బ్లెండర్ లెక్కన తాగకండి. ఆ రాత్రి బండి నడపొద్దు. మద్యంతో కలిపి అసలు వద్దు. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. జర్మనీ 2002లో కాలేయం భయంతోనే కావా మందుల్ని ఆపేసింది. 2014లో అక్కడి కోర్టు ఆ నిషేధం చెల్లదంది. అయినా నేను వారానికి ఒక్క రోజే తాగుతాను. రోజూ తాగేవాళ్ల చర్మం పొలుసులు లేవడం ఇక్కడ కళ్లారా చూస్తుంటాం, దానికి కనికని అని పేరే ఉంది.

అయిపోగానే కడగాలి, మర్నాడు కాదు. నీళ్లు పోసి పల్స్ రెండుసార్లు, అడుగు ఊడదీసి, పాత టూత్‌బ్రష్‌తో బ్లేడు కింద పీచు లాగి, వాషర్ తీసి కడిగి, అన్నీ విడివిడిగా కిటికీ గట్టు మీద బోర్లించి ఆరబెడతాను. పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు బద్ధకిస్తే కొన్నదంతా దండగ.

ఒక సంగతి మోమో ముందే తేల్చేశారు. ఇంట్లో మనం తాగడానికి మెషీన్ సరే, సెవుసెవుకి మాత్రం కాదు. ఎవరింటికైనా వేరు తీసుకెళ్లి గౌరవంగా సమర్పించినప్పుడు అక్కడ తానోవాలో చేత్తోనే కలపాలి, అందరి కళ్ల ముందు. నాకూ అదే సబబనిపిస్తుంది. కలిపే చేతుల్ని చూస్తూ కూర్చోవడం, మాటలు ఆగిపోవడం, అదంతా ఆ మర్యాదలో భాగం. నా చెయ్యి బాగయ్యాక అక్కడ మళ్లీ నేనే కలుపుతాను.

పోయిన శనివారం కొత్త బ్లెండర్‌ది మొదటి బిలో ఆయనకే ఇచ్చాను. "హై టైడా, లో టైడా?" అని అడిగితే హై టైడ్ అన్నారు. అంటే చిప్ప నిండా. ఒకసారి చేతులు గుల్లగా పట్టి దోంబో కొట్టి, ఒక్క గుక్కలో తాగి, చిప్ప తిరిగిచ్చారు. చుట్టూ ఉన్నవాళ్లం "మాదా", అంటే ఖాళీ అయింది, అని మూడు చప్పట్లు కొట్టాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. నాలుకతో పళ్లు తడుముకున్నారు, మళ్లీ తడుముకున్నారు.

"ఎంతసేపు తిప్పావు?"

"రెండోసారి కూడా నిమిషం తిప్పాను మోమో."

"రెండోసారి అర నిమిషం చాలు" అని చిప్ప మళ్లీ ముందుకు చాపారు.